కూలిన విమానం ఏ నమ్మకాన్ని కూల్చింది? – ఎఫ్‌ఏఏ ‘లెసన్స్ లెర్న్డ్’ ప్రమాదాల గ్రంథాలయంపై సమీక్ష

అమెరికాలో పౌర విమానయానాన్ని నియంత్రించే ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్‌ఏఏ, ‘లెసన్స్ లెర్న్డ్’ అనే పేరుతో అంతర్జాలంలో ఒక ప్రమాదాల గ్రంథాలయాన్ని ఉచితంగా అందుబాటులో ఉంచింది. జరిగిన విమాన ప్రమాదాలన్నింటినీ పోగు చేయడం దాని ఉద్దేశం కాదు. ఏ ప్రమాదం తరువాత విమానాల నిర్మాణంలోనో, నిర్వహణలోనో, నిబంధనల్లోనో చెప్పుకోదగిన మార్పు వచ్చిందో అటువంటి వాటిని ఏరి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క అధ్యాయం కేటాయించి, విమానాల ఇంజినీరు కాని పాఠకుడు సైతం ఓపికగా చదివితే అర్థమయ్యేలా విడమరచి చెప్పడం దాని ఉద్దేశం. అందులో జెట్ విమానాల అధ్యాయాలు చాలానే ఉన్నా, నేను కొన్ని నెలలుగా పనిగట్టుకుని చదివినవి ప్రొపెల్లర్ విమానాలవి. ఈ సమీక్ష వాటికే పరిమితం.

నాకు ఈ విషయంపై ఆసక్తి ఎందుకో ముందుగా చెప్పాలి. నేను ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో తిరిగే యంత్రాల కంపనాలను కొలిచే విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ పొందాను. టర్బైన్లు, ఫీడ్ పంపులు, పెద్ద ఫ్యాన్లు ఎందుకు ఊగుతాయో, ఆ ఊగిసలాట ఎప్పుడు హద్దు మీరుతుందో తెలుసుకోవడమే నా ఉద్యోగం. ప్రొపెల్లర్ కూడా తిరిగే యంత్రమే కనుక, ఆ విమానాల ప్రమాద నివేదికలు చదువుతుంటే నాకు పరాయి లోకంలోకి అడుగుపెట్టినట్టు అనిపించలేదు.

ప్రతి అధ్యాయానికీ ఒకే అమరిక ఉంటుంది. ముందు ప్రమాదం జరిగిన తీరు, తరువాత దర్యాప్తు సంఘం తేల్చిన అంశాలు, ఆ సంఘం చేసిన సిఫార్సులు, అప్పట్లో అమలులో ఉన్న నిబంధనలు, ఆ కాలపు సంస్థాగత పరిస్థితులు, అంతకు ముందే కనిపించిన హెచ్చరికలు, ఆ తరువాత వచ్చిన మార్పులు వరుసగా వస్తాయి. వీటి నడుమ ‘సేఫ్టీ అజంప్షన్స్’ అనే ఒక చిన్న భాగం ఉంటుంది. భద్రత గురించి అప్పటివరకు అందరూ నిజమని నమ్మి, ఎవరూ ప్రశ్నించకుండా వదిలేసిన ఊహలను అక్కడ రెండు మూడు వాక్యాల్లో చెబుతారు. నా లెక్కలో ఈ గ్రంథాలయం విలువంతా ఆ రెండు మూడు వాక్యాల్లోనే ఉంది. దర్యాప్తు నివేదిక ఏది విరిగిందో చెబుతుంది. ఈ భాగం అది విరగదని ఎందుకు అనుకున్నారో చెబుతుంది. ఈ రెండో ప్రశ్నకు జవాబు దొరికే చోట్లు చాలా తక్కువ.

ఈ మాటకు తగిన నిదర్శనం లాక్‌హీడ్ ఎలెక్ట్రా అధ్యాయం. నేను దానిని నాలుగు సార్లు చదివాను. ఎలెక్ట్రా నాలుగు టర్బోప్రాప్ ఇంజిన్ల, అంటే టర్బైన్‌తో ప్రొపెల్లర్‌ను తిప్పే ఇంజిన్ల, ప్రయాణికుల విమానం. 1959 జనవరిలో సర్వీసులోకి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 29 రాత్రి బ్రానిఫ్ సంస్థ 542వ విమానం హ్యూస్టన్ నుంచి డల్లాస్ వెళుతూ, 15,000 అడుగుల ఎత్తున ఎడమ రెక్క ఊడిపోగా టెక్సాస్‌లోని బఫెలో అనే ఊరి దగ్గర ముక్కలై పడింది. అందులో ఉన్న 34 మందీ చనిపోయారు. అది సంస్థ చేతికి వచ్చి పట్టుమని రెండు వారాలు కూడా కాని కొత్త విమానం. దర్యాప్తు అధికారులు ఎంత శోధించినా కారణం అంతుచిక్కలేదు. ఆరు నెలలు తిరగక ముందే, 1960 మార్చి 17న, నార్త్‌వెస్ట్ సంస్థ 710వ విమానం షికాగో నుంచి మయామీ వెళుతూ ఇండియానా రాష్ట్రంలో కూలింది. ఈసారి ఊడినది కుడి రెక్క. చనిపోయినవారు 63 మంది. ఒకే రకం విమానాలు రెండు, నిలకడగా ఎగురుతున్న దశలో, ఒకే విధంగా రెక్క పోగొట్టుకోవడం కాకతాళీయం కాదని అప్పటికి అందరికీ తెలిసిపోయింది.

ఇక్కడి నుంచి వివరణ నిదానంగా సాగుతుంది, అలా సాగడమే దానికి తగింది. తిరుగుతున్న ప్రొపెల్లర్ ఒక బొంగరం వంటిది. జోరుగా తిరిగే బొంగరాన్ని వేలితో పక్కకు నెడితే అది నెట్టిన వైపుకు ఒరగదు. తలను చుట్టూ తిప్పుతూ ఊగుతుంది. విమానం గాలి కుదుపులో చిక్కుకున్నప్పుడు ప్రొపెల్లర్ కూడా అలాగే తన ఇరుసు చుట్టూ ఒక చిన్న వలయంలో ఊగడానికి ప్రయత్నిస్తుంది. ఇంజిన్‌ను రెక్కకు పట్టి ఉంచే మౌంట్లు బిగువుగా ఉన్నంతకాలం ఆ ఊగిసలాట పుట్టిన చోటే అణగారిపోతుంది. మౌంట్లలో ఏదో ఒకటి దెబ్బతిని బిగువు సడలితే మాత్రం వలయం పెద్దదవుతుంది, దాని వేగం తగ్గుతుంది. ఎలెక్ట్రాలో ఆ వేగం సెకనుకు దాదాపు 3 చుట్లకు దిగినప్పుడు అది రెక్క సహజంగా ఊగే వేగంతో కలిసింది. ప్రొపెల్లర్ ఊపును రెక్క అందుకుంది, రెక్క ఊపు తిరిగి ప్రొపెల్లర్‌ను మరింత ఊపింది. ఆ పైన రెక్క విరగడానికి ఎంతోసేపు పట్టదు. ఇంజినీర్లు దీనిని ‘విర్ల్ మోడ్’ అంటారు. ఈ కదలికను 1938లోనే సిద్ధాంతపరంగా వివరించి ఉన్నారు. అయినా, ఏ విమానాన్నీ ఇది కూల్చగలదని అప్పటివరకు ఎవరూ అనుకోలేదు.

ఈ పేరా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను, ఎందుకంటే నా ఉద్యోగంలో ఇటువంటిదే ఒకటి కళ్లారా చూశాను. ఒక బాయిలర్ ఫీడ్ పంపు ఉన్నట్టుండి విపరీతంగా ఊగడం మొదలుపెట్టింది. మేము కప్లింగ్ మార్చాము, రోటరును విప్పి బ్యాలెన్సింగ్ చేయించాము, బేరింగులు మార్చాము. ఒక్కటీ ఫలించలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున ఒక పెద్ద వయసు ఫిట్టరు గారు వచ్చి, “సార్, రోటరును వదిలేసి ఒకసారి పునాది చూద్దామండి” అన్నారు. బేరింగ్ పెడెస్టల్ కింద ఒక ఫౌండేషన్ బోల్టు సడలి ఉంది. దాని చుట్టూ గ్రౌట్, అంటే సందుల్లో పోసిన సిమెంటు మిశ్రమం, పొడిపొడిగా రాలుతోంది, నూనె తగిలి నల్లబడిన ఆ పొడిని వేలితో తీస్తే కింద వెలుగు కనిపించేంత సందు ఉంది. పంపు వేగం ఎప్పుడూ ఉన్నదే, రోటరులో దోషం లేదు. పునాది బిగువు తగ్గడంతో యంత్రం సహజంగా ఊగే వేగం కిందికి దిగి, అది రోజూ తిరిగే వేగంతో కలిసిపోయింది. బోల్టు బిగించి కొత్త గ్రౌట్ పోశాక పంపు మళ్లీ నిశ్శబ్దంగా నడిచింది. మాది నేల మీది యంత్రం కనుక ఆపి, చూసి, బాగు చేసుకోగలిగాము. 18,000 అడుగుల ఎత్తున ఎగురుతున్న 710వ విమానంలోని వారికి ఆ అవకాశం లేదు.

ఎలెక్ట్రా విషయంలో కూలిన నమ్మకం ఏమిటో ఆ అధ్యాయం తేటగా చెబుతుంది. విమానానికి అనుమతి ఇచ్చేముందు రెక్కల ఊగిసలాటను, అంటే ఫ్లటర్‌ను, లెక్కగట్టారు, పరీక్షించారు. ఆ లెక్కలన్నీ మౌంట్లు చెక్కుచెదరకుండా ఉన్నాయన్న ఊహపై ఆధారపడినవే. ఒక మౌంటు దెబ్బతింటే ఏమవుతుందన్న ప్రశ్న అప్పటి నిబంధనలు వేయలేదు కనుక, తయారీదారు కూడా వేసుకోలేదు. లెక్కల్లో తప్పు లేదు. వేసిన ప్రశ్నే అసంపూర్తిగా ఉంది. ఆ తరువాత, ఇటువంటి భాగం ఒకటి విఫలమైన స్థితిలో కూడా విమానం ఫ్లటర్‌కు లోను కాదని నిరూపించాలన్న నియమం వచ్చింది. నేటికీ పెద్ద విమానాలకు ఆ నియమం వర్తిస్తుంది.

రెండో ప్రమాదం తరువాత ఎలెక్ట్రాలన్నింటినీ నేలకు దించాలని గట్టి ఒత్తిడి వచ్చింది. అప్పటి ఎఫ్‌ఏఏ అధిపతి ఎల్‌వుడ్ కెసాడా అందుకు అంగీకరించక, వాటి వేగాన్ని మొదట 275 నాట్లకు (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు), కొద్ది రోజులకే 225 నాట్లకు తగ్గించి ఎగరనిచ్చారు. లాక్‌హీడ్ సంస్థ దాదాపు 2.5 కోట్ల డాలర్ల ఖర్చుతో మౌంట్లను, ఇంజిన్ గూళ్లను, రెక్కలోని కొన్ని భాగాలను బలపరిచింది. నాసా వారి లాంగ్లీ కేంద్రంలోని గాలి సొరంగంలో నమూనా విమానంతో విర్ల్ మోడ్ వాదనను పరీక్షించి చూశారు. 1961లో వేగ పరిమితి ఎత్తివేశారు. కెసాడా నిర్ణయం సరైనదేనా అన్న ప్రశ్నపై నా అభిప్రాయం కూడా చెబుతాను. ఫలితం మంచిదే అయినా, కారణం తేలకముందు ప్రయాణికులను ఎక్కించడం నాకు సమ్మతం కాదు. పంపు ఊగుతుంటే లోడు తగ్గించి నడపమనే అధికారులను నేనూ చూశాను. ఆ విధంగా నడిపిన ప్రతి గంటా, సమస్య ఏమిటో మనకు తెలుసన్న ఊహ మీద నడిచిన గంటే.

డీసీ-6 అనే నాలుగు ఇంజిన్ల ప్రొపెల్లర్ విమానం అధ్యాయం వేరే రకంగా ఆకట్టుకుంటుంది. 1947 అక్టోబరు 24న యునైటెడ్ సంస్థ 608వ విమానం లాస్ ఏంజెలెస్ నుంచి షికాగో వెళుతుండగా మంటలు అంటుకున్నాయి. పైలట్లు బ్రైస్ కాన్యన్ విమానాశ్రయానికి ఎలాగైనా చేర్చాలని ప్రయత్నించారు. రన్‌వేకి మైలున్నర దూరంలో కూలింది, 52 మందీ పోయారు. మూడు వారాలైనా తిరగకముందే, నవంబరు 11న, అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-6 ఒకదానిలో అటువంటి మంటలే లేచాయి. ఆ విమానం న్యూ మెక్సికోలోని గాలప్ వద్ద క్షేమంగా దిగింది. బూడిద కాకుండా మిగిలిన ఆ విమానమే, కూలిన దాని రహస్యం చెప్పింది. ఎగురుతూ ఉండగా ఒక ట్యాంకు నుంచి మరొక ట్యాంకుకు ఇంధనం పంపేటప్పుడు ట్యాంకు నిండి పొర్లితే, ఆ పొర్లిన ఇంధనం గాలి గొట్టం నుంచి బయటకు వచ్చి, విమానం పొట్ట వెంబడి వెనుకకు జారి, క్యాబిన్ హీటరుకు గాలి పీల్చే నోటిలోకి నేరుగా పోతోంది. గొట్టం చివర ఒక చోట పెట్టారు, హీటరు నోరు దాని వెనుక పెట్టారు. ఈ రెండూ వేర్వేరు బృందాలు గీసిన బొమ్మలు కావచ్చని నా ఊహ. విడివిడిగా చూస్తే రెండింటిలోనూ తప్పు పట్టడానికి ఏమీ లేదు. డీసీ-6లను దాదాపు 4 నెలలు నేలకు దించి మార్పులు చేశారు.

తిరిగొచ్చిన విమానం తిరిగిరాని దాని గురించి చెప్పడం అన్న ఈ సంగతి చదవగానే నాకు ఏబ్రహం వాల్డ్ గుర్తుకు వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్లకు ఎక్కడ కవచం వేయాలన్న ప్రశ్నపై పనిచేసిన గణాంక శాస్త్రవేత్త ఆయన. తిరిగొచ్చిన విమానాల మీది తూట్లను మాత్రమే లెక్కపెట్టి తీర్పు చెప్పరాదని, ఏ భాగంలో తూటు పడిన విమానాలు తిరిగి రావడం లేదో అది కూడా లెక్కలోకి తీసుకోవాలని గణితంతో చూపించారు. ఆ వాల్డ్, భారత ప్రభుత్వ ఆహ్వానం మీద ఉపన్యాసాలు ఇవ్వడానికి మన దేశం వచ్చి, 1950 డిసెంబరు 13న నీలగిరి కొండల్లో ఎయిర్ ఇండియా డీసీ-3 విమానం కూలి, భార్యతో సహా మరణించారు. ఆ కొండల్లోని కోటగిరికి వెళ్లే మన వాళ్లలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. ఆ కాలంలో మన ఆకాశమంతా డకోటాలని కూడా పిలిచే డీసీ-3లదే. బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ వారు నడిపినవీ, 1949 నుంచి అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకుని ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల టపా మార్చుకున్నవీ ఆ డకోటాలే.

608వ విమానం అధ్యాయం చదివినవారు అక్కడితో ఆపకూడదు. 1948 జూన్ 17న యునైటెడ్ సంస్థదే మరొక డీసీ-6, 624వ విమానం, పెన్సిల్వేనియాలోని మౌంట్ కార్మెల్ దగ్గర కూలి 43 మంది చనిపోయారు. ఈసారి మంట లేనే లేదు. ముందు సామాను గదిలో నిప్పు ఉందని హెచ్చరిక వెలిగింది. పైలట్లు నేర్పిన ప్రకారం కార్బన్ డయాక్సైడ్ వదిలారు. క్యాబిన్ ఒత్తిడిని బయటకు వదిలే కవాటాలు తెరవకపోవడంతో ఆ వాయువు కాక్‌పిట్‌లోకి చేరి వారిని నిస్తేజులను చేసింది. విమానం దిగువకు వచ్చి ఒక విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్‌ను, తీగలను తాకి కొండవాలున పడింది. అగ్ని భయంతో పెట్టిన రక్షణే ఊపిరి తీసింది. అప్పట్లో విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసిన సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు నివేదికలో ఇది చదివిన రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. మా కేంద్రంలోని కేబుల్ గ్యాలరీలో కూడా అదే వాయువుతో మంటలార్పే ఏర్పాటు ఉండేది. లోపల మనుషులు పనిచేస్తుంటే వాయువు దానంతటదే విడుదల కాకుండా దాని తాళాన్ని ‘మాన్యువల్’ వైపు తిప్పి ఉంచాలన్న నియమాన్ని మేము ఎంత తేలికగా తీసుకునేవాళ్లమో గుర్తుకు వచ్చింది.

ఆ తరువాతి తరం చిన్న టర్బోప్రాప్‌ల అధ్యాయాల్లో రెండింటి గురించి తప్పక చెప్పాలి. రెండూ ఎంబ్రేయర్ ఈఎంబీ-120 విమానాలే, రెండూ అట్లాంటిక్ సౌత్‌ఈస్ట్ సంస్థ నడిపినవే, రెండూ జార్జియా రాష్ట్రంలోనే కూలాయి. 1991 ఏప్రిల్ 5న బ్రన్స్‌విక్ దగ్గర కూలిన 2311వ విమానంలో 23 మంది పోయారు; వారిలో మాజీ సెనేటర్ జాన్ టవర్, వ్యోమగామి సోనీ కార్టర్ ఉన్నారు. ప్రొపెల్లర్ బ్లేడ్ల కోణాన్ని మార్చే యంత్రాంగంలో ఒకదానిలో ఒకటి దూరి తిరిగే రెండు గాడుల భాగాలు ఉంటాయి. వాటిలో ఒకదానికి కొత్తగా గట్టి పూత వేశారు. ఆ గట్టి, గరుకు పళ్లు ఎదుటి దాని మెత్తని పళ్లను అరగదీశాయి. పళ్లు పూర్తిగా అరిగిపోతే బ్లేడ్లు తమంతట తాము గాలికి అడ్డు పడని సురక్షిత కోణానికి వెళతాయని అనుకున్నారు. అవి దానికి ఎదురు దిశలో తిరిగి, గాలికి అడ్డుగోడలై విమానాన్ని ఒక పక్కకు లాగేశాయి. జత భాగాల్లో ఒకదాన్ని గట్టిపరిస్తే రెండోది త్వరగా అరుగుతుందని మా వర్క్‌షాప్‌లో ఏ అప్రెంటిస్ అయినా చెబుతాడు. అయినా అంతటి సంస్థలో అది దాటిపోయింది.

రెండోది 1995 ఆగస్టు 21న అట్లాంటా నుంచి గల్ఫ్‌పోర్ట్ బయలుదేరిన 529వ విమానం. దీనిలో ఒక ప్రొపెల్లర్ బ్లేడు విరిగిపోగా, అది క్యారల్‌టన్ దగ్గర పొలంలో దిగి మంటల్లో చిక్కుకుంది. లోపల 29 మంది ఉన్నారు. కొందరు బతికారు, కొందరు కాలిన గాయాలతో తరువాత మరణించారు. విరిగిన చోటును వెనుకకు తవ్వుకుంటూ పోతే చివరికి దొరికినది ఒక బెరడు బిరడా, అంటే కార్కు. బ్లేడు మొదలు వైపు లోపల ఒక సన్నని రంధ్రం ఉంటుంది. బరువు సరితూగడానికి అందులో సీసపు పీచు కూరి, అది జారకుండా బెరడు బిరడాతో మూస్తారు. ఆ బెరడును తెల్లగా చేయడానికి క్లోరిన్ వాడారు. మిగిలిపోయిన క్లోరిన్ తేమతో కలిసి రంధ్రపు గోడను లోపలి నుంచి గుంటలు గుంటలుగా తినివేసింది. ఒక గుంట అంచున పగులు మొదలైంది. అంతకుముందు ఏడాది 1994లో ఇటువంటివే రెండు బ్లేడ్లు విరిగాయి. దాంతో బ్లేడ్లను అల్ట్రాసోనిక్ పరీక్షకు పెట్టారు. ఈ బ్లేడు ఆ పరీక్షలో అనుమానం కలిగించగా, తయారీ సంస్థకు చెందిన మరమ్మతు కేంద్రానికి పంపారు. అక్కడ రంధ్రపు గోడను నునుపుగా రాకి తిరిగి వాడుకకు ఇచ్చేశారు. పగులు లోపల అలాగే ఉంది, పైన గోడ మాత్రం నున్నగా మెరుస్తోంది. బ్లేడు తీసిన కారణం, తిరిగి పంపిన కారణం రెండూ కాగితాల మీద సరిగానే ఉన్నాయి. పగులు కోసం వెతికిన వ్యక్తికి తాను ఏమి వెతుకుతున్నాడో స్పష్టంగా చెప్పలేదన్నదే నాకు అర్థమైన సారం.

మిగతావాటిని క్లుప్తంగా చెబుతాను. 1960 అక్టోబరు 4న బోస్టన్‌లో శారిక పక్షుల గుంపు ఎదురై నేలను వీడిన కొన్ని సెకన్లకే ఒక ఎలెక్ట్రా సముద్రంలో పడిన ఉదంతం పక్షుల తాకిడిపై వచ్చిన నిబంధనలకు మూలం. 72 మందిలో 10 మందే బతికారు. 1994 అక్టోబరు 31న ఇండియానాలోని రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్-72 కూలి 68 మంది పోయిన ఉదంతం మంచు గురించినది. రెక్క అంచున ఉబ్బి మంచును విరిచే రబ్బరు తొడుగులకు వెనుక పేరుకున్న మంచు, విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క చివరి పలకను, అంటే ఐలరాన్‌ను, లాగేసింది. 1956 జూన్ 30న గ్రాండ్ కాన్యన్ పైన ఒక సూపర్ కాన్‌స్టెలేషన్, ఒక డీసీ-7 ఢీకొని 128 మంది చనిపోయిన ప్రమాదం గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. 21,000 అడుగుల ఎత్తున, నియంత్రిత మార్గాలకు బయట, ఒకరినొకరు చూసుకుని తప్పుకుంటారన్న నమ్మకంతో రెండూ ఎగురుతున్నాయి. ఆ నమ్మకం కూలిన రెండేళ్లకు, 1958లో, కొత్త చట్టంతో ఏర్పడిన సంస్థే నేటి ఎఫ్‌ఏఏ. తన పుట్టుకకు ఒక కారణమైన ప్రమాదాన్ని ఒక సంస్థ స్వయంగా విడమరచి చెప్పడం చదువుతుంటే ఆ అధ్యాయానికి అదనపు బరువు వస్తుంది.

అదే ఈ సేవకు ఉన్న పరిమితి కూడా. ఇక్కడ కథ చెప్పేది నియంత్రణ సంస్థ. అందువల్ల ప్రతి అధ్యాయమూ సహజంగానే ఒక నిబంధన వైపుగా నడుస్తుంది. నిబంధన రావడంతో కథ పూర్తయినట్టు ఉంటుంది. చనిపోయినవారు అంకెలుగా కనిపిస్తారు. నేను ఇంజినీరుగా దానిని అర్థం చేసుకోగలను, కానీ 608వ విమానంలో పైలట్లు చివరి నిమిషాల్లో నేల మీది వారితో ఏమి మాట్లాడారన్నది చదివినప్పుడు కలిగిన బాధ, ఏ నిబంధన అమలులోకి వచ్చిందో చదివితే తీరలేదు.

ఒక నిబంధనకు దారితీయని ప్రమాదాలకు ఈ ఎంపికలో చోటు తక్కువగా ఉండడం సహజం. పాత ప్రొపెల్లర్ సరకు విమానాలపై ఆసక్తి ఉన్నవారు అందువల్ల అమెరికా రవాణా శాఖ గ్రంథాలయం స్కాన్ చేసి ఉచితంగా ఉంచిన సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు నివేదికలను కూడా పక్కన పెట్టుకోవాలి. 1930ల నుంచి 1960ల మధ్య వరకు జరిగిన దర్యాప్తులు అందులో ఉన్నాయి. అక్షరాలు కొన్నిచోట్ల చెదిరి ఉంటాయి, కానీ భాష సూటిగా ఉంటుంది. ఫ్లయింగ్ టైగర్ లైన్ అనే సరకు సంస్థ సూపర్ కాన్‌స్టెలేషన్ ఒకటి 1962 డిసెంబరు 14 రాత్రి పొగమంచులో బర్బ్యాంక్‌లో దిగబోతూ ఇళ్ల మధ్య కూలింది. దిగే దశలో కీలకమైన క్షణాన కెప్టెన్ అస్వస్థుడై నియంత్రణ కోల్పోవడమే కారణమని బోర్డు తేల్చింది. అదే సంస్థ విమానం మరొకటి 1964 డిసెంబరు 24న, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్‌కు సరకుతో లేచి, వెళ్లవలసిన దారి తప్పి స్వీనీ రిడ్జ్ అనే కొండను ఢీకొంది. ఆ కొండ వైపుకు ఎందుకు తిరిగారో తేలలేదని, అక్కడ గాలి కిందికి నొక్కే చోట విమానం ఎక్కలేకపోయిందని నివేదిక రాసింది. లోపల ఉన్నది ముగ్గురు సిబ్బంది మాత్రమే. క్రిస్మస్ ముందురోజు తెల్లవారుజామున మూడు ఇళ్లకు చేరిన ఆ కబురుకు ఏ కొత్త నిబంధనా తోడు రాలేదు. అయినా ఆ కొద్ది పేజీల నివేదికను దర్యాప్తు అధికారులు అంతే శ్రద్ధతో రాశారు. గాలి దిశ, మేఘాల ఎత్తు, రేడియోలో వినిపించిన చివరి మాటల వేళలు, శకలాలు పడిన తీరు, ఒక్కటీ వదలలేదు.

రెండు సేవలూ ఆంగ్లంలోనే ఉన్నాయన్నది మన పాఠకులకు నిజమైన అడ్డంకి. పారిభాషిక పదాలు తెలియనివారికి మొదటి రెండు అధ్యాయాలు బరువుగా తోస్తాయి. ఎలెక్ట్రా అధ్యాయాన్ని ఫోనులో చదవవద్దని నా సలహా. అందులోని బొమ్మలను పెద్ద తెర మీద చూడాలి. మా మనుమడికి ఆ అధ్యాయం చూపించేముందు ఇంట్లో ఉన్న బొంగరం తిప్పి, పైకొసను పెన్సిలుతో మెల్లగా తాకించి చూపాను. “తాతయ్యా, అది నేను నెట్టిన వైపు పోవడం లేదేంటి?” అని వాడు అడిగాక బొమ్మల దగ్గరికి వెళ్లాము; అప్పుడు వాడికి ఎక్కువ చెప్పవలసిన పని పడలేదు.

ఇంజినీరింగ్ విద్యార్థులకు, యంత్రాల నిర్వహణలో ఉన్నవారికి, విమానాలంటే ఇష్టమున్న ఎవరికైనా దీనిని నిస్సందేహంగా సిఫార్సు చేస్తాను. ముందుగా 608వ విమానం అధ్యాయంతో మొదలుపెట్టి, వెంటనే 624వ విమానం దర్యాప్తు నివేదిక చదవండి. తరువాత 529, ఆ పైన తీరిక ఉన్న ఒక ఆదివారం ఎలెక్ట్రా. ప్రతి అధ్యాయంలోనూ ప్రమాద వివరం చదవగానే ఆగి, అప్పటివారు ఏమి నమ్మి ఉంటారో మీరే ఒక కాగితం మీద రాసుకుని, ఆ తరువాత ‘సేఫ్టీ అజంప్షన్స్’ భాగం తెరవండి. నేను మొదటి మూడింటిలో ఒక్కటి కూడా సరిగా రాయలేకపోయాను. నాలుగోది ఎలెక్ట్రాది, అది మాత్రం ఆ ఫిట్టరు గారి పుణ్యమా అని సరిగా రాశాను.